అమీరుపేట పల్లము – ఒక పాత పటము చెప్పు కథ

లోయ అనగానే మన తెలుగువారికి అరకులోయ స్ఫురించును. కొత్తవలస నుండి కిరండూలు వరకు కొండలను తొలిచి వేసిన రైలుమార్గము, సొరంగములు, విహారమునకు పోవు జనము మనస్సున మెదలును. హైదరాబాదు నగరము నడిబొడ్డున, అమీరుపేట పంజాగుట్టల నడుమ కూడ ఒక లోయ యున్నదన్నచో శ్రోతలు నవ్వవచ్చును. అక్కడ కానవచ్చునవి దుకాణములు, వంతెనలు, మెట్రో స్తంభములు మాత్రమే. అయినను ఆ లోయ యున్నది. దానికి ఒక వాగు కలదు. దాని గుండ నూటయేబది ఏండ్లుగా రైలు పోవుచున్నది. ఒకనాడు అది ప్రభువుల విహారస్థలము. ఈ సంగతులన్నియు ఒకేచోట చూడగోరువారు ఇల్లు కదలనక్కరలేదు. బల్లమీద ఒక కాగితము పరచుకొనిన చాలును. ఆ కాగితమే సర్వే ఆఫ్ ఇండియా వారి స్థలాకృతి పటము.

ఈ ప్రసంగమునకు కారణము ఒక చిన్న సంఘటన. కొంతకాలము క్రిందట శ్రీనగర్ కాలనీలో నివసించు ఒక పెద్దమనిషి మమ్ము తమ యింటికి పిలిచిరి. ఆయన ఉద్యోగ విరమణ చేసినవారు, మా ప్రసంగములను విడువక వినువారు. కాఫీ త్రాగుచుండగా ఆయన తమ ముందుగది గోడను చూపిరి. నేల నుండి మోకాలియెత్తు వరకు సున్నము పెచ్చులూడి యున్నది.

“చూశారా అండీ, ఏటా ఇదే వరస. మాది ఎత్తుమీద ఇల్లని చెప్పి కట్టించాను. చెరువు లేదు, కాలువ లేదు. మరి నాలుగు గంటలు వాన గట్టిగా కురిస్తే నీళ్లు మా ఇంటి దారే ఎందుకు పట్టుకుంటాయి?” అని ఆయన అడిగిరి.

ఆ ప్రశ్నకు అప్పుడు మాయొద్ద సమాధానము లేకపోయెను. తరువాత మేము మెట్రిక్ కొలతలు రాకముందటి పటమునొకదానిని సంపాదించి, భూతద్దముతో చూచితిమి. ఆయనకు చెప్పవలసిన సమాధానము అందులో దొరికినది. దానితోపాటు ఒక ప్రాంతపు చరిత్ర యంతయు దొరికినది.

ముందుగా పటమును గూర్చి రెండు మాటలు. భారతదేశమును సర్వే శాఖవారు పెద్ద పెద్ద చతురములుగా విభజించి అంకెలు వేసిరి. మన ప్రాంతము 56వ చతురములో పడును. దానిని మరల పదునారు భాగములుచేసి ఆంగ్లాక్షరములతో గుర్తించిరి. ఆ భాగములలో ఒక్కొక్కదానిని తిరిగి పదునారు చేసిరి. ఆ విధముగా హైదరాబాదు నగరములో పెక్కుభాగము 56 కె/7 అను పటములోనికి వచ్చినది. అంగుళమునకు ఒక మైలు లెక్కను గీసిన పటమిది. అనగా నేలమీది 63,360 అంగుళములు కాగితముమీద ఒక అంగుళమైనవి. చార్మినారు, గోలకొండ, హుస్సేన్ సాగరము, ఉస్మాన్ సాగరము, లింగంపల్లి ఇవన్నియు ఈ ఒక్క కాగితముమీదనే యిమిడియున్నవి. కూకట్‌పల్లి ఉత్తరపు అంచునకు చేరును. సికింద్రాబాదు తూర్పు అంచున తెగిపోవును. దాని శేషభాగము చూచుటకు ప్రక్క పటము తెచ్చుకొనవలెను.

ఈ పటములో రంగులకు అర్థము కలదు. నీలము నీటికి, ఆకుపచ్చ చెట్టుచేమలకు, పసుపు సాగుభూమికి, ఎరుపు ఇండ్లకు, బాటలకు. నేల యెత్తుపల్లములను గోధుమరంగు గీతలు తెలుపును. వీనిని సమోన్నత రేఖలందురు. ఒక రేఖమీద నున్న చోట్లన్నియు సముద్రమట్టమునకు ఒకే యెత్తున ఉండును. రేఖలు దగ్గరగా గుమిగూడినచోట నేల నిటారు. ఎడముగా నున్నచోట వాలు మెల్లన. రేఖలు వరుసగా ఒకే దిక్కున, ఎత్తువైపునకు, కొనదేరి వంగినచో అక్కడ నీరు దిగు దారి యున్నదని తెలియవలెను. ఇంతమాత్రము తెలిసినవాడు ఈ పటమును పుస్తకమువలె చదువగలడు.

అట్లు చదివినచో మొదట తెలియవచ్చునది రాతిని గూర్చి. హైదరాబాదు నేల నల్లరేగడి కాదు. కోట్ల సంవత్సరములనాటి గ్రానైటు. నైరుతిని బంజారాకొండలున్నవి. నగరములో అత్యున్నత స్థలము అక్కడనే, 672 మీటర్ల యెత్తున ఉన్నది. ఈశాన్యమున హుస్సేన్ సాగరము. దాని నిండుమట్టము 513 మీటర్లకు కొంచెము పైన. ఈ రెంటికి భేదము సుమారు 158 మీటర్లు. ఒక పెద్ద కొండ యెత్తు. కొద్ది మైళ్ళ దూరములో నేల ఇంత దిగిపోవుచున్నది. ఆ దిగుడుమీదనే శ్రీనగర్ కాలనీ, ఎల్లారెడ్డిగూడ, పంజాగుట్ట, అమీరుపేట మెట్లుమెట్లుగా కూర్చున్నవి. అడుగున కూకట్‌పల్లి నాలా ఉత్తరము నుండి దిగి, బల్కంపేట బేగంపేటల మీదుగా సాగరములో కలియును. రాతినేల నీటిని త్రాగదు, జార్చివేయును. కావున ఇక్కడ కురిసిన వాన పరుగెత్తవలసినదే.

ఆ పరుగును ఆపుటయే మన పూర్వుల విద్య. ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగరమునకు కట్ట వేసిరి. మూసీ నుండి ఒక కాలువ త్రవ్వి దానికి నీరు తెచ్చిరి. దానికి ఎగువన పల్లెపల్లెకు ఒక చెరువో కుంటయో ఉండెడిది. ఒక కుంట నిండి అలుగు పారిన క్రింది కుంట నిండును. అది పొర్లిన ఆ క్రిందిది. చిట్టచివర సాగరము. కాకతీయులనాటి నుండి తెలంగాణమునకు అలవడిన గొలుసుకట్టు చెరువుల పద్ధతి ఇదియే. పాత పటములో ఈ గొలుసు నీలిముత్యములవలె కనబడును.

ఇట్టి పటములు గీయు విద్య మన దేశమునకు వచ్చిన కథలో తెలుగువారికి భాగము కలదు. భారతదేశమునకు మొట్టమొదటి సర్వేయరు జనరలుగా 1815లో నియమింపబడిన కాలిన్ మెకంజీ, అంతకు పూర్వము నిజాము రాజ్యమున సర్వేలు చేసినవాడు. ఆయనకు కుడిభుజములై నిలిచినవారు ఏలూరు ప్రాంతపు కావలి సోదరులు – బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. మెకంజీ కొలతగొలుసు నేలను కొలుచుచుండగా వారు ఊరూరి కైఫీయతులను, శాసనములను, స్థలపురాణములను సేకరించిరి. కొలతతోపాటు కథ కూడ కావలెనను బుద్ధి ఆనాడే యుండెను.

ఆపైని వచ్చినవాడు విలియం లాంబ్టన్. 1802లో మదరాసున ఆధారరేఖ కొలిచి మహాత్రికోణ సర్వేకు పునాది వేసెను. 1815లో బీదరు వద్ద మరియొక ఆధారరేఖ కొలిచెను. తరువాత ఎవరి పేర ప్రపంచములోకెల్ల ఎత్తైన శిఖరము ప్రసిద్ధమైనదో, ఆ జార్జి ఎవరెస్టు లాంబ్టనును కలిసికొని పనిలో చేరినది హైదరాబాదులోనే. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో సర్వే చేయుచు ఎవరెస్టు, అతని పరివారము జ్వరపీడితులై పడిపోయిరి. ఈ జ్వరమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మన కథలో అది మరల వచ్చును.

త్రికోణములు కట్టిన తరువాత వాని నడుమ కొండలను, వాగులను నింపుటకు ఇంకొక శతాబ్ది పట్టినది. 1904-05లో కూర్చున్న సర్వే సంఘము దేశమంతటికి రంగుల పటములు కావలెనని సిఫారసు చేయగా, నేడు మనకు తెలిసిన రూపమున పటములు వెలువడసాగెను. ఇంతలో 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసినది. వేలకొలది ప్రాణములు పోయినవి. ఆ విపత్తు తరువాత విశ్వేశ్వరయ్యగారు 1909లో వచ్చి ఉపాయము చెప్పిరి. ఉస్మాన్ సాగరము 1920లో, హిమాయత్ సాగరము 1927లో పూర్తియైనవి. లియోనార్డు మన్ అను ఇంజనీరు 1912 మొదలు కొన్ని సంవత్సరములపాటు నగరమును వీధివీధి కొలిపించి మిక్కిలి వివరమైన పటములు తయారుచేయించెను. ముంపు వచ్చిన పిమ్మట గాని మనకు పటము విలువ తెలియలేదు. ఈ వాక్యము కూడ మరల జ్ఞాపకము చేసికొనవలసి వచ్చును.

ఇక రైలు సంగతి. మొదటి సాలార్‌జంగు దివానుగా నున్న కాలమున, 1874 అక్టోబరులో, వాడి నుండి సికింద్రాబాదునకు రైలుమార్గము తెరువబడినది. బొంబాయి మదరాసు ప్రధానమార్గముతో నిజాము రాజధానికి అంటు ఏర్పడినది. పటములో ఈ మార్గము నల్లని గీత. పడమట లింగంపల్లి నుండి బయలుదేరి, కూకట్‌పల్లి నాలాను దాటి, బేగంపేట మీదుగా సాగరమునకు ఉత్తరముగా సికింద్రాబాదు చేరును. నాంపల్లి నుండి వచ్చు శాఖ ఖైరతాబాదు మీదుగా సాగరపు పడమటి ఒడ్డునంటి వచ్చి దీనిలో కలియును. నాంపల్లి స్టేషను 1907 నాటిది. రైలు ఏనుగువంటిది, బరువు లాగును గాని మెట్లెక్కలేదు. మెల్లని వాలు వెదకికొనవలెను. నీరు వెదకునది కూడ వాలునే. కావుననే నాలాయు, రైలును ఈ పల్లములో ఇరుగుపొరుగులైనవి.

రైలు వచ్చిన పిమ్మట పడమటి దిక్కున ప్రభువుల తోటయిండ్లు హెచ్చినవి. పాతనగరము ఇరుకు. పడమర ఎత్తునేల; నైరుతి గాలి ముందుగా తగులుచోటు. పైగా రైలు స్టేషను దగ్గర. పాయిగా వంశమువారికి ఇక్కడ విశాలమైన భూములుండెను. ఆ యింటికి కోడలుగా వచ్చిన నిజాము కుమార్తె పేర బేగంపేట వెలసినదని ప్రతీతి. అమీరుపేట పేరునకు మూలపురుషుడు అమీర్ అలీ అను జాగీర్దారని, అతని వేసవి భవనమే తరువాత ప్రకృతి చికిత్సాలయమైనదని చెప్పుకొందురు. 1893 నుండి 1901 వరకు ప్రధానిగా నున్న వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమాను నిజామునకు ఇచ్చివేసిన తరువాత బేగంపేటలో భవనము కట్టించుకొనెను. అక్కడనే 1906లో స్పానిషు మసీదు లేచినది. 1923లో జాగీర్దారుల పిల్లలకై స్థాపింపబడిన కళాశాల, 1951లో హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మారినది.

పంజాగుట్ట దగ్గరి దిబ్బమీద ఫక్రుల్ ముల్క్ ప్రభువు కట్టించిన ఎర్రమంజిలున్నది. పారసీకమున ఇరమ్ అనగా స్వర్గోద్యానము. తెలుగువాని చెవికి అది ఎర్రయై వినబడినది. రెండు భాషలు ఒక గుట్టమీద రాజీపడినవి. పంజాగుట్ట కూడ అట్టిదే. పంజా అనగా పారసీకమున హస్తము, గుట్ట మన తెలుగుమాట. పటములు గీయువారు ఊరివారిని అడిగి పేర్లు వ్రాసికొందురు. కనుక ఒక స్థలాకృతి పటము ఒకవిధముగా ఆ నాటి ప్రజల నోటిమాటకు దస్తావేజు.

అయినను దస్తావేజు అన్నివేళల అందరి మాటయు వ్రాయదు. కొండలమీద లంబాడీలుండిరి. బంజారా అనునది వారి పేరే. వారు పశువులను మేపుకొనుచు, గుట్టల నడుమ తండాలలో బ్రదికెడివారు. మెహదీ నవాజ్ జంగు అక్కడ ఒక బండను గోడగా చేసికొని ఇల్లు కట్టుకొని దానికి బంజారా భవనమని పేరిడెను. 1933లో రవీంద్రనాథ ఠాకూరు నగరమునకు వచ్చినపుడు ఆయన ఆతిథ్యమును స్వీకరించి, ఆ కొండల యందము చూచి ఒక గీతము వ్రాసెను. అటుపై కొండ ధనికుల విహారస్థలమైనది, పిదప నివాసమైనది. బంజారాల పేరు కొండకు మిగిలినది; కొండ బంజారాలకు మిగులలేదు. పటములో పేరు నిలిచినంత మాత్రమున మనిషి నిలిచినట్లు కాదని ఈ ఒక్క పేరు చెప్పుచున్నది.

ఇంత యందమైన పల్లమునకు ఒక శాపము కూడ ఉండెను. నీరు నిలిచినచోట దోమ పుట్టును. ఎవరెస్టు పరివారమును పడగొట్టినట్టి జ్వరములు ఇక్కడి సైనికులను కూడ విడువలేదు. 1897 ఆగస్టు 20న బేగంపేటలోని ఒక చిన్న సైనిక వైద్యశాలలో రోనాల్డ్ రాస్ అను వైద్యుడు, రోగి రక్తము పీల్చిన దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూచి, మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమతి వచ్చినది. ఆ భవనము నేటికిని ఆయన పేర నిలిచియున్నది. కుంటలకు, వాగులకు అంతటి సమీపమున గాక ఆ పరిశోధన మరెచ్చటనైన ఇంత సులభముగా సాగియుండునా యని మాకు తోచును.

ఆరోగ్యము కోరి జనము ఈ దిక్కునకు వచ్చుట మాత్రము ఆగలేదు. ఎర్రగడ్డలో ఛాతీ వ్యాధుల ఆసుపత్రి, అమీరుపేటలో ప్రకృతి చికిత్సాలయము వెలసినవి. బేగంపేటకు తరువాతి రైలు స్టేషను పేరు నేచర్ క్యూర్ హాస్పిటల్. ఒక చికిత్సాలయమే రైలు స్టేషనునకు పేరైన చోట్లు అరుదు. విహారస్థలముగా నుండిన కాలపు గుర్తు రైలుపట్టికలో ఆ విధముగా నిలిచినది.

1940 దశకమున కథ మలుపు తిరిగినది. రైలుమార్గము వెంట పరిశ్రమలు వచ్చినవి. ఉర్దూలో సనత్ అనగా పరిశ్రమ. సనత్‌నగరము పేరు అందుండి వచ్చినదే. 1948లో హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో కలిసెను. 1956లో నగరము ఆంధ్రప్రదేశ్ రాజధాని యయ్యెను. ఉద్యోగులు, వ్యాపారులు, చదువరులు జిల్లాల నుండి తరలివచ్చిరి. బొంబాయి బాటకు ఇరుప్రక్కల కాలనీలు పుట్టినవి. శ్రీనగర్ కాలనీయు ఆ వరుసలోనిదే. జీవితకాలపు కూడబెట్టును ఒక్క నివేశనస్థలము మీద పెట్టిన మధ్యతరగతి సంసారములు వందలకొలది ఇక్కడ స్థిరపడినవి. మాకు కాఫీ యిచ్చిన పెద్దమనిషి సంసారము అట్టిదే.

ఆ తరువాతి పటములు చూచినచో ఒక సంగతి తేటపడును. ఎరుపు పెరుగుచున్న కొలది నీలము తరుగుచున్నది. మాసాబ్ ట్యాంకు పేరులో చెరువున్నది, చోటులో లేదు. మాసాహెబా పేర వెలసిన ఆ తటాకపు నేలమీద నేడు పిల్లల ఉద్యానవన మున్నది. యూసుఫ్‌గూడ చెరువున్నచోట కృష్ణకాంత్ ఉద్యానవనము వచ్చినది. ఉద్యానవనమైనచోట కొంత మేలే. వాన కురిసినపుడు గడ్డి కొంచెమైన నీరు త్రాగును. ఇండ్లైనచోట ఆ యూరటయు లేదు. గొలుసులో ఒక కుంటను పూడ్చినవాడు తన స్థలమొక్కటే చదును చేసికొంటిననుకొనును. కాని ఆ కుంట ఆపుచుండిన నీటి నంతటిని క్రిందివాని వాకిటికి పంపినవాడగుచున్నాడు. ఈ లెక్కను ఏ క్రయపత్రములోను వ్రాయరు.

2000 సంవత్సరము ఆగస్టు 24న ఆ లెక్క బయటపడినది. ఒక్క దినమున నగరములో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసెను. కూకట్‌పల్లి నాలా తన పాతదారి నెరిగి వచ్చినది. హుస్సేన్ సాగరమునకు ఎగువ దిగువల పల్లపు కాలనీలు మునిగినవి. ఇరువది ఏండ్లకు, 2020 అక్టోబరులో, మరల అదే యాతన. 1908లో పొంగినది నది. ఈసారి పొంగినవి మనము కాలువలనుకొన్న వాగులు.

ఇక ఆ పెద్దమనిషి ప్రశ్నకు వత్తుము. ఆయన యిల్లు ఎత్తుమీద నున్నమాట నిజమే. సాగరముకన్న చాల ఎత్తున నున్నది. కాని పటములో ఆ చోట సమోన్నత రేఖలు కొండవైపునకు కొనదేరి వంగియున్నవి. అనగా రెండు మిట్టల నడుమ అదొక సన్నని పల్లము. ఆ పల్లము వెంట ఒక గీత యున్నది. అది నీలము కాదు, నలుపు. సంవత్సరములో ఎక్కువకాలము ఎండియుండు వాగును నల్లగీతతో చూపుట ఈ పటముల ఆచారము. నీలిగీతను చూచి భయపడువాడు కూడ నల్లగీతను చూచి కాలిబాట యనుకొనును. వేసవిలో స్థలము చూడబోయినవానికి అక్కడ వాగే కనబడదు. ఆయన వీధి ఆ నల్లగీత పోయిన దారినే పోవుచున్నది. నీరు ఆయన యింటికి వచ్చుట లేదు; తన దారిని తాను పోవుచున్నది, ఇల్లు మధ్యలో వచ్చినది.

మరొక సూక్ష్మము కూడ కలదు. పాత పటములో సాధారణముగా ఏబది అడుగులకొక సమోన్నత రేఖ. మెట్రిక్ కొలతలు వచ్చిన తరువాత 1:50,000 లెక్కను గీసిన పటములలో ఇరువది మీటర్లకొక రేఖ. ఇల్లు మునుగుటకు ఇరువది మీటర్లు అక్కరలేదు. ఒక్క మీటరు చాలును. కావున రెండు రేఖల నడుమ తెల్లగా కనబడు చోటు సమతలమని నమ్మరాదు. రేఖల వంపును, వాగుల గీతలను కలిపి చూచినగాని నిజము తెలియదు. ఒక కుటుంబపు ముప్పదియేండ్ల సంపాదన మేలుకీడులు ఆ రెండు రేఖల నడిమి అర అంగుళములో ఉండవచ్చును.

మేము ఈ సంగతి చెప్పగా ఆయన కొంతసేపు పటమును చూచి, “అప్పుడే ఎవరైనా ఈ కాగితం చూపించి ఉంటే బాగుండేదండీ” అనిరి. ఆ మాటలో కోపము లేదు. కాని ఆనాడు చూపుట సులభము కాదు. రక్షణ కారణముల చేత ఈ పటములు చాలకాలము సామాన్యులకు అందుబాటులో లేకుండెను. 2005 నాటి జాతీయ పట విధానము ప్రజల కొరకు వేరొక వరుస పటములను ఏర్పరచెను. 2017లో సర్వే శాఖవారు వానిని ఉచితముగా అంతర్జాలమున పెట్టిరి. 2021లో నిబంధనలు మరింత సడలింపబడెను. సర్వే శాఖ 1767లో పుట్టినదని గుర్తుంచుకొన్నచో, మన నేల పటము మన చేతికి వచ్చుటకు రెండువందల యేబది సంవత్సరములు పట్టినదన్నమాట. ఈ విద్య నేర్పు శిక్షణ సంస్థ 1967 నుండి మన ఉప్పలులోనే యున్నది.

నేడు పటమునకు కొత్త బలము వచ్చినది. 2024లో చెరువుల, ప్రభుత్వ భూముల రక్షణకై హైడ్రా అను సంస్థ ఏర్పడినది. ఏ చెరువు ఎంతవరకు ఉండెడిదను వివాదము వచ్చినప్పుడెల్ల పాత పటములు సాక్ష్యము చెప్పవలసియున్నది. భవనములకును అట్లే. ఎర్రమంజిలును పడగొట్టి కొత్త శాసనసభ కట్టవలెనను నిర్ణయమును 2019లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము కొట్టివేసినది. చరిత్ర కేవలము తీరికవేళల ముచ్చట కాదని, ఇంటిగోడలకు, ఊరి నీటికి సంబంధించిన వ్యవహారమని ఈ ఉదాహరణలు చూపును. అయితే సాక్ష్యము రెండువైపుల పదునుగల కత్తి. తెలియక కొనుక్కొన్న పేదవాని గుడిసెమీద పటమును ప్రయోగించి, తెలిసి పూడ్చినవానిని విడిచిపుచ్చిన అది న్యాయము కాదు. నల్లగీతను ఎవరు చూచియు చూడనట్లుండిరో పటము చెప్పదు. అది మనము విచారించుకొనవలసినది.

శ్రోతలకు మా మనవి ఒక్కటే. ఇల్లు కొనబోవునపుడు వాస్తు చూపించుకొందురు, దస్తావేజులు చూపించుకొందురు. అట్లే ఆ చోటి పాత పటమును ఒకమారు చూడుడు. ఊరిలోని వృద్ధులను, ఇక్కడ కుంట ఉండెడిదా, అలుగు ఎటు పారెడిదని అడుగుడు. నాడు కావలి సోదరులు చేసినది కూడ ఇదియే. కొలతను చూచి, మాటను విని, రెంటిని సరిపోల్చిరి. ఇల్లు ఇదివరకే కట్టుకొనినవారు వీధి వాలునెరిగి వాననీటికి గుంత త్రవ్వుకొని, నాలాలో చెత్త వేయకుండినచో క్రిందివానికి ఉపకారము చేసినవారగుదురు.

2017 నవంబరులో మెట్రో రైలు అమీరుపేటకు వచ్చినది. రెండు మార్గములు అక్కడనే ఒకదానినొకటి దాటుచున్నవి. 1874 నాటి రైలు నేల వాలును వెదకెను. ఈ రైలు స్తంభములమీద పోవుచున్నది గనుక వాలుతో పని లేదు. పైనుండి చూచువారికి లోయ తెలియదు. కాని అచ్చటికి కొద్దిదూరములో బల్కంపేట ఎల్లమ్మ తల్లి యున్నది. అమ్మవారి విగ్రహము నేలమట్టముకన్న దిగువన, బావిలో వెలసియున్నది. దర్శనమునకు పోవువారు క్రిందికి తొంగిచూడవలెను. ఆషాఢమాసమున కల్యాణమునకు వచ్చు వేలకొలది భక్తులు ఈ పల్లములో నీరు ఎంత చేరువనున్నదో ఏటేట కన్నులార చూచిపోవుచున్నారు. పటము గీయనివారు కూడ ఆ సత్యమును గుడి కట్టి నిలిపిరి.

ఆ పెద్దమనిషి ఈ యేడు వానలకు ముందు తమ వాకిట అడ్డుగోడ తీయించి, నీటికి ప్రక్కగా దారి యిచ్చిరి. పటము నకలు ఒకటి చట్టము కట్టించి ముందుగదిలో, సున్నమూడిన ఆ గోడమీదనే, తగిలించిరి. వచ్చినవారికెల్ల తమ వీధిని, దాని వెంటనున్న ఆ నల్లగీతను వ్రేలితో చూపుచున్నారు.